టర్కీ బ్రెస్ట్ రోస్ట్: మూడో ప్రయత్నం, ఆరు రోజుల డైరీ

ఎముకతో, చర్మంతో ఉన్న టర్కీ బ్రెస్ట్‌ని, అంటే టర్కీ కోడి రొమ్ము ముక్కని, ఇంట్లో ఓవెన్‌లో రోస్ట్ చేయడం నాకిది మూడోసారి. మొదటి రెండుసార్లు ఏమీ రాసుకోలేదు, అందుకే ఎక్కడ తేడా కొట్టిందో తర్వాత కూర్చుని గుర్తు తెచ్చుకోవాల్సి వచ్చింది. ఈసారి ఫ్రీజర్‌లోంచి తీసిన దగ్గర్నుంచి ప్రతిదీ రాస్తున్నాను, బరువులు, డిగ్రీలు (సెల్సియస్‌లో), టైమ్‌లతో సహా.

ముందు పాత లెక్కలు. మొదటిసారి తెచ్చింది 1.8 కిలోల ముక్క. కిలోకి 45 నిమిషాలు అన్న లెక్క నమ్మి గడియారం చూసుకుంటూ కూర్చున్నాను. టైమ్ అయ్యాక కోసి చూస్తే ఎముక పక్కన గులాబీ రంగు కనిపించింది, పచ్చిగా ఉందేమోనని భయపడి మళ్లీ 25 నిమిషాలు లోపల పెట్టాను. బయటికొచ్చేసరికి బెండులా తయారైంది. కత్తి పెడితే ముక్క తెగలేదు, పీచులు పీచులుగా విడిపోయింది, నమిలే కొద్దీ నోట్లో తడంతా అదే లాగేసుకుంది. రెండోసారి దానికి విరుగుడని రాత్రంతా ఉప్పునీళ్లలో నానబెట్టాను. తడి ఉంది, కానీ అది మాంసం రసం కాదు, ఉప్పునీళ్ల తడి. రోస్ట్ అవుతున్నంతసేపూ పైన ఫాయిల్ కప్పి ఉంచాను కాబట్టి చర్మం ఆవిరికి ఉడికి రబ్బరులా సాగింది. ట్రేలోకి దిగిన రసం ఎంత ఉప్పగా ఉందంటే గ్రేవీ మొత్తం పారబోయాల్సి వచ్చింది.

రెండుసార్లూ నా దగ్గర లేని సమాచారం ఒకటే: ముక్క నడిమధ్యలో ఎంత వేడి ఉందో నాకు ఒక్క క్షణం కూడా తెలియదు. గడియారం చెప్పింది, రంగు చెప్పింది, వాసన చెప్పింది, వాటి మాటే విన్నాను. ఈసారి డిగ్రీల మాట వినాలి, దాని కోసమే ఈ డైరీ.

బుధవారం, రాత్రి 9 గంటలు

2.6 కిలోల ముక్క, రాయిలా గడ్డకట్టి ఉంది. కవర్ విప్పకుండానే ఒక లోతు ట్రేలో పెట్టి ఫ్రిజ్ అడుగు అరలోకి దింపాను. కరిగిన నీళ్లు కింద ఉన్న వాటి మీద కారకూడదు కాబట్టి అడుగు అరే దీనికి సరైన చోటు. ఫ్రిజ్‌లో కరగడానికి సుమారు 2 కిలోలకి ఒక రోజు పడుతుంది, ఆ లెక్కన నాకు రోజున్నర కావాలి. ఇంకో సగం రోజు ఎక్కువే ఇచ్చాను, ఎముక గూడు లోపల మంచు అన్నిటికన్నా చివర కరుగుతుంది.

వంటగట్టు మీద వదిలేస్తే త్వరగా కరుగుతుంది కదా అని మా చెల్లి అడిగింది. కరుగుతుంది, కానీ లోపల ఇంకా గడ్డగా ఉండగానే పైపొర గది వేడికి వచ్చేసి గంటల తరబడి అలాగే ఉంటుంది. 4 డిగ్రీలకీ 60 డిగ్రీలకీ మధ్య సూక్ష్మజీవులు పెరిగే వేగం చాలా ఎక్కువ. తొందర ఉంటే చల్లటి నీళ్లలో, కవర్ లోపలికి నీళ్లు వెళ్లకుండా ముంచి, అరగంటకోసారి నీళ్లు మార్చాలి, అరకిలోకి అరగంట చొప్పున పడుతుంది. నాకు తొందర లేదు.

కవర్ మీద పదార్థాల వివరం కూడా ఇప్పుడే చదివాను. కొన్ని ముక్కలకి ముందే ఉప్పు నీళ్లు ఎక్కించి అమ్ముతారు, అది చిన్న అక్షరాల్లో ఉంటుంది. అలాంటి దానికి మళ్లీ ఉప్పు పట్టిస్తే తినలేం. రెండోసారి నా గ్రేవీ పాడవడానికి ఇదీ ఒక కారణం అయి ఉండొచ్చు, అప్పుడు చూడనే లేదు. దీని మీద మాత్రం టర్కీ తప్ప ఇంకేమీ రాసి లేదు.

గురువారం, సాయంత్రం

ముక్క జోలికి పోలేదు. ఇవాళ పరీక్ష థర్మామీటర్లకి, ఓవెన్‌కి.

నా దగ్గర రెండున్నాయి. ఒకటి గుచ్చి వెంటనే చదివేది. ఇంకోటి వైరు ఉన్నది, దాని సూది ముక్కలోనే ఉంటుంది, అంకెలు ఓవెన్ బయట కనిపిస్తాయి. గ్లాసు నిండా ఐసు ముక్కలు వేసి, సందుల్లో చల్లటి నీళ్లు పోసి, బాగా కలిపి రెండిటినీ ముంచాను. 0 చూపించాలి. గుచ్చేది 0.3 చూపించింది, మంచిదే. వైరుది 1.5 చూపించింది, అంటే అది చెప్పేదాంట్లోంచి ఒకటిన్నర తీసేయాలి. గ్లాసు గోడకి సూది ఆనితే తప్పు చదువుతుంది, అందుకని నడుమ ఆడించాను.

తర్వాత ఓవెన్. లోపల జాలీ మీద ఓవెన్ థర్మామీటర్ ఒకటి నిలబెట్టి, 165కి తిప్పి, 30 నిమిషాలు తలుపు తెరవకుండా అద్దంలోంచి చూస్తూ ఐదు నిమిషాలకోసారి రాసుకున్నాను. 172, 184, 188, 179, 171, 183. సగటు 180 దగ్గర తిరుగుతోంది! అంటే నేను మొదటిసారి 180 అనుకుని పెట్టినప్పుడు నిజానికి అది 195 అయి ఉండాలి. ఓవెన్ లోపలి కడ్డీ వేడెక్కుతూ ఆగుతూ ఉంటుంది కాబట్టి పైకీ కిందకీ ఊగడం మామూలే, కానీ సగటే 15 డిగ్రీలు పక్కకి పోయిందంటే కిలోకి ఇన్ని నిమిషాలన్న ఏ లెక్కా నా వంటింట్లో నిలబడదు. మీట 150 దగ్గర పెడితే లోపల నిజంగా 165 వచ్చింది. మీట పక్కన చిన్న కాగితం అంటించాను.

ఈ ఒక్క గంట పనికే చాలా తేలికగా అనిపించింది. తేడా ఓవెన్‌లో ఉంటే రెండుసార్లూ ముక్కని తప్పుపట్టాను.

శుక్రవారం, రాత్రి 7 నుంచి 9 దాకా

46 గంటలైంది. పైనుంచి నొక్కితే మెత్తగానే ఉంది, గూడు లోపలికి వేలు పెడితే ఇంకా రెండు చోట్ల మంచు పలుకులు తగిలాయి. కవర్‌లోనే ఉంచి అరగంట చల్లటి నీళ్లలో పెట్టాక పోయాయి.

విప్పాక కడగలేదు. పచ్చి కోడి మాంసాన్ని పంపు కింద కడిగితే మనం శుభ్రం అనుకుంటాం కానీ ఆ తుంపరలు సింకు చుట్టూ, పక్కన ఆరబెట్టిన గిన్నెల మీదా పడతాయి. ఉన్న సూక్ష్మజీవులు ఎలాగూ ఓవెన్ వేడికి చస్తాయి. పేపర్ టవల్‌తో లోపలా బయటా బాగా ఒత్తి తుడిచాను. ఐదు టవళ్లు తడిసిపోయాయి. ఆ తడంతా తియ్యకపోతే అది ఆవిరయ్యేదాకా చర్మం వేగదు, ఉడుకుతూ ఉంటుంది.

తర్వాత కత్తెర పని. ఈ ముక్కకి వెన్నెముక కొస, పక్కటెముకల రెక్కలు అటూ ఇటూ వేలాడుతూ ఉన్నాయి. వంటింటి కత్తెరతో వాటిని కోసి పక్కన పెట్టాను, రేపు వాటితో స్టాక్ (ఎముకలు కాచిన రసం) కాయాలి. అవి పోయాక ముక్క ట్రేలో కదలకుండా కూర్చుంది. మెడ వైపు రెండు కండల మధ్య వి ఆకారంలో ఒక సన్నటి ఎముక ఉంటుంది. వేలితో తడిమి, రెండు పక్కలా చిన్న కత్తితో గీరి, వేలు దూర్చి లాగితే వచ్చేసింది. దీన్ని ఇప్పుడు తీయకపోతే ఆదివారం ముక్కలు కోసేటప్పుడు కత్తి సరిగ్గా అక్కడే తగిలి ఆగిపోతుంది. పోయినసారి అదే జరిగింది.

ఇప్పుడు ఉప్పు. ఈసారి నీళ్లు లేవు, పొడి ఉప్పు పట్టించి మూత లేకుండా ఫ్రిజ్‌లో వదిలేయడమే. బరువులో 1 శాతం అంటే 26 గ్రాములు, కోసేసిన ఎముకలు పోగా 24 గ్రాములు తూచాను. చెంచాలతో కొలిస్తే రాళ్ల ఉప్పుకీ మెత్తటి ఉప్పుకీ దాదాపు రెట్టింపు తేడా వస్తుంది, అందుకే తూకమే. దాంట్లో మూడింట రెండొంతులు చర్మం కింద నేరుగా మాంసానికి, కొంచెం గూడు లోపలికి, మిగిలింది చర్మం పైకి. చర్మం కిందకి వెళ్లాలంటే చర్మాన్ని మాంసం నుంచి విడదీయాలి. మెడ వైపు నుంచి రెండు వేళ్లు దూర్చి, గోళ్లు తగలకుండా, మెల్లగా ముందుకి నెట్టుకుంటూ పోతే సన్నటి పొర పుట్టుక్కుమంటూ విడిపోతూ ఉంటుంది. నడుమ రొమ్ము ఎముక గట్టు మీద మాత్రం చర్మం గట్టిగా అతుక్కుని ఉంటుంది, అక్కడ తొందరపడితే చిరుగుతుంది. పది నిమిషాలు పట్టింది, ఒక్క చిరుగు కూడా పడలేదు.

చర్మం పైన చల్లే ఉప్పులో ఒక చెంచా బేకింగ్ పౌడర్ కలిపాను. బేకింగ్ సోడా కాదు, అది వేస్తే సబ్బు రుచి వస్తుంది. బేకింగ్ పౌడర్ చర్మాన్ని కొద్దిగా క్షార గుణం వైపు నెడుతుంది, దానివల్ల ఎర్రగా వేగడం త్వరగా జరుగుతుంది, పైన సన్నటి బుడగలు లేచి కరకరలాడుతుంది.

పొడి ఉప్పు ఏం చేస్తుందో అరగంటలోనే కళ్లారా చూశాను. ముందు చర్మం మీద, కండ అంచుల దగ్గర చెమట పట్టినట్టు నీటి చుక్కలు లేచాయి. ఉప్పు మాంసంలోంచి నీళ్లు లాగుతుంది, ఆ నీళ్లలోనే కరుగుతుంది, ఆ ద్రవం గంటల మీద మెల్లగా మళ్లీ లోపలికే వెళ్తుంది. లోపలికి వెళ్లిన ఉప్పు కండలోని ప్రొటీన్లని కొంతమేర వదులు చేస్తుంది కాబట్టి వేడి తగిలినప్పుడు అవి అంత గట్టిగా ముడుచుకోవు, నీళ్లు తక్కువ పోతాయి. బయటి నుంచి ఒక్క చుక్క నీళ్లు చేరవు, ఉన్నవే నిలబడతాయి. రెండోసారి నేను చేసిన దానికీ దీనికీ అదే తేడా.

మిరియాలు, వెల్లుల్లి, థైమ్ (ఒక సువాసన ఆకు) ఇప్పుడే పట్టించాలా అని కాసేపు ఆలోచించాను. వేయలేదు. ఉప్పు తప్ప మిగతావేవీ మాంసం లోతుకి పోవు, పైన ఒకటి రెండు మిల్లీమీటర్లలోనే ఆగిపోతాయి, రెండు రోజులు ముందే రాసినా ఒరిగేదేమీ లేదు.

జాలీ మీద పెట్టి, కింద ట్రే పెట్టి, ఏమీ కప్పకుండా ఫ్రిజ్ అడుగు అరలో. టైమ్ 9.

శనివారం

పొద్దున చూస్తే నీటి చుక్కలన్నీ మాయం. చర్మం అక్కడక్కడ ఆరి, సన్నగా, కొంచెం పారదర్శకంగా మారింది, కింద కండ లేత గులాబీ రంగులో కనిపిస్తోంది. సాయంత్రానికి వేలితో ముట్టుకుంటే కాగితంలా అనిపించింది. ఫ్రిజ్ గాలి చేసిన పని ఇది.

స్టాక్: నిన్న కోసిన ఎముకల్ని మూకుడులో కొద్ది నూనెతో ముదురు రంగు వచ్చేదాకా వేయించాను. ఉల్లిపాయ, క్యారెట్, ఒక బిర్యానీ ఆకు, పది మిరియాలు వేసి లీటరున్నర నీళ్లు పోసి సన్న సెగ మీద మూడు గంటలు కాచాను. ఉప్పు వేయలేదు. వడకడితే 700 మిల్లీలీటర్లు వచ్చింది. చల్లారాక ఫ్రిజ్‌లో.

ఆదివారం, పొద్దున 10:15

ఫ్రిజ్‌లోంచి తీశాను. రోస్ట్ చేసే ముందు గంటసేపు బయటపెట్టి గది వేడికి తేవాలని చాలామంది అంటారు కదా, నిజంగా ఎంత మారుతుందో చూద్దామని సూది గుచ్చి చూశాను. తీసినప్పుడు నడిమధ్యలో 3 డిగ్రీలు. 40 నిమిషాల తర్వాత 5. అంతే. ఇంత మందం ఉన్న ముక్కకి ఆ గంట వల్ల వచ్చేది ఏమీ లేదు, చర్మం మీద తేమ చేరడం తప్ప.

50 గ్రాముల మెత్తటి వెన్నలో దంచిన మిరియాలు, తురిమిన నిమ్మతొక్క, రెండు వెల్లుల్లి రెబ్బల ముద్ద, థైమ్ ఆకులు కలిపాను. సగం చర్మం కింద రాశాను. చర్మం పైకి మాత్రం వెన్న కాకుండా నూనె రాశాను. వెన్నలో ఆరో వంతు దాకా నీళ్లే ఉంటాయి, రెండు రోజులు ఆరబెట్టిన చర్మం మీద మళ్లీ నీళ్లు రాయడానికి మనసొప్పలేదు. వెన్న చర్మం కింద ఉంటే మాంసం లోపలికి ఇంకి మెత్తబరుస్తుందని నేనూ ఒకప్పుడు నమ్మాను. కొవ్వు కండ లోపలికి పోదు. రుచి, వాసన పైపొరకి పడతాయి, కరిగి కారినది గ్రేవీకి పనికొస్తుంది, దానికే వేస్తున్నాను.

ట్రేలో ఉల్లిపాయ చక్రాలు, క్యారెట్ ముక్కలు పరిచి ఒక కప్పు నీళ్లు పోశాను, లేదంటే మొదట కారిన కొవ్వూ రసమూ అడుగంటి మాడిపోయి ఇల్లంతా పొగ.

వైరు సూది ఎక్కడ గుచ్చాలన్నదే ఇవాళ అన్నిటికన్నా పెద్ద పని. పైనుంచి కిందకి గుచ్చితే కొస ఎక్కడికి చేరిందో తెలియదు, ఎముకకి తగలొచ్చు, తగిలితే అంకె తప్పొస్తుంది. మెడ వైపు నుంచి, రొమ్ము ఎముకకి సమాంతరంగా, కండ అన్నిటికన్నా లావుగా ఉన్న చోటికి కొస చేరేలా అడ్డంగా గుచ్చాను. ముందు సూదిని బయట పక్కన ఆనించి ఎంత లోపలికి వెళ్లాలో చూసుకుని అక్కడ గుర్తు పెట్టుకున్నాను. గుచ్చాక మెల్లగా ముందుకీ వెనక్కీ కదిపి, అన్నిటికన్నా తక్కువ అంకె చూపించిన చోట వదిలేశాను. ఆ తక్కువ చూపించేదే నడిమధ్య.

11:10 లోపలికి పెట్టాను. ఓవెన్ నిజంగా 165 ఉంది. కింద రాసే అంకెలన్నీ ఆ ఒకటిన్నర తీసేసినవే.

11:40 11 డిగ్రీలు. అరగంటలో ఆరు డిగ్రీలే. మొదట ఇంత నెమ్మదిగా ఉంటుందని తెలియకపోతే ఇక్కడే టెన్షన్ పడి వేడి పెంచేస్తాం.

12:10 27. ట్రేని ముందు వెనకలు మార్చి పెట్టాను, నా ఓవెన్ వెనకవైపు ఎక్కువ కాలుతుంది. చర్మం ఇంకా పాలిపోయే ఉంది, కానీ వెన్న కరిగి చర్మం కింద చిటపటలాడుతున్న చప్పుడు వినిపిస్తోంది.

12:40 44. రంగు మొదలైంది, గట్టు మీద ముందు. ట్రేలో నీళ్లు ఇంకిపోయాయి, ఇంకో అర కప్పు పోశాను. ముక్క మీద గరిటెతో రసం పోయడం లేదు. పోస్తే చర్మం తడుస్తుంది, పోయడానికి తలుపు తెరిచిన ప్రతిసారీ ఓవెన్ చల్లబడుతుంది.

ఇక్కడ కాసేపు ఖాళీ దొరికింది కాబట్టి బ్రెస్ట్‌తోనే ఇంత బాధ ఎందుకో రాస్తాను. టర్కీ ఎక్కువగా నేల మీద నడిచే పక్షి, ఎగిరినా కొద్ది దూరమే, ఒక్క ఊపులో. రోజంతా పనిచేసే కాళ్ల కండలకి ఆక్సిజన్ నిలవ చేసుకునే మయోగ్లోబిన్ ఎక్కువ, అందుకే అవి ముదురు రంగు, వాటిలో కొల్లాజెన్ (కండల్ని పట్టి ఉంచే ప్రొటీన్) కూడా ఎక్కువ. కాలి ముక్కని 80 డిగ్రీలు దాటించినా ఆ కొల్లాజెన్ కరిగి జిగురై ముక్కని కాపాడుతుంది. రొమ్ము కండ ఆ ఒక్క ఊపు కోసం ఉన్నది. తెల్లగా ఉంటుంది, కొవ్వు లేదు, కొల్లాజెన్ తక్కువ. వేడి ఎక్కువైతే కాపాడేది ఏదీ లేదు. 50 దగ్గర మయోసిన్ అనే ప్రొటీన్ ముడుచుకోవడం మొదలవుతుంది, అది ముక్కని ఉడికిన ముక్కలా గట్టిపరుస్తుంది, ఇబ్బంది లేదు. 66 దాటాక యాక్టిన్ అనే ఇంకో ప్రొటీన్ ముడుచుకుంటుంది, అప్పుడు తడి బట్టని పిండినట్టు నీళ్లు బయటికి పోతాయి. మరి అమెరికా వ్యవసాయ శాఖ కోడి జాతి మాంసానికి చెప్పే అంకె 165 ఫారెన్‌హీట్, అంటే 74. ఆ అంకె దగ్గర సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి క్షణంలో చస్తుంది. ఇంకొంచెం తక్కువలోనూ చస్తుంది, కానీ ఆ వేడిలో కొంతసేపు ఉండాలి, 66 దగ్గరైతే సుమారు 5 నిమిషాలు. నేను 74 చేరాలనే పెట్టుకున్నాను, కాకపోతే ఓవెన్‌లో కాదు. బయటికి తీశాక పైపొర వేడి లోపలికి దిగుతూ ఇంకా నాలుగైదు డిగ్రీలు ఎక్కుతుంది, ఆ నాలుగైదు డిగ్రీల్ని లెక్కలోకి తీసుకోవాలి. మొదటిసారి ఆ ముక్క 85 దాకా పోయి ఉంటుందని ఇప్పుడు అనుకుంటున్నాను.

12:55 52.

1:10 60. లావుపాటి చోట్ల చర్మం లేత బంగారు రంగు, పక్కలు ఇంకా తెల్లగా. ఓవెన్ పెంచాను, నిజం వేడి 225 వచ్చేలా. ఇక్కడి నుంచి కుర్చీ ఓవెన్ ముందే.

1:16 64. చర్మం మీద చిన్న చిన్న బుడగలు లేస్తున్నాయి. రంగు నిమిషం నిమిషానికీ మారుతోంది.

1:21 68. తీసి గుచ్చే థర్మామీటర్‌తో నాలుగు చోట్ల చూశాను. ఎడమ కండ 69, కుడి కండ 68, తోక వైపు సన్నటి కొస 74, కానీ కుడి పక్క ఎముక దగ్గర లోతుగా గుచ్చితే 64. ఒక్క సూదిని నమ్మి ఆపేసి ఉంటే ఆ చోటు తక్కువగా మిగిలేది. తోక కొసకి చిన్న ఫాయిల్ ముక్క తొడిగి మళ్లీ లోపలికి.

1:26 ఆ తక్కువ చోట 69, మిగతా కండలు 71, 72. తీసేశాను.

మొత్తం 2 గంటల 16 నిమిషాలు. కిలోకి 45 నిమిషాల లెక్క వేస్తే 1 గంట 57 నిమిషాలు రావాలి. ఈసారి ఆ లెక్క 20 నిమిషాలు తక్కువ చెప్పింది, మొదటిసారి వేడి ఓవెన్‌లో ఎక్కువ చెప్పింది.

ఫాయిల్ కప్పలేదు. జాలీ మీదే వదిలేశాను. 10 నిమిషాల తర్వాత తక్కువ చోట 73, 15 నిమిషాలకి 75, అక్కడ ఆగింది. లావుపాటి కండ 76 దాకా వెళ్లి దిగడం మొదలుపెట్టింది. నేను అనుకున్నదానికన్నా ఒకటి రెండు ఎక్కువే, చివర్లో 225 పెట్టిన వేడి ప్రభావం అది. వచ్చేసారి రెండు డిగ్రీలు ముందే తీస్తాను.

ఆ అరగంటలో గ్రేవీ. ట్రేలో రసాన్ని ఒక పొడుగు గ్లాసులోకి వంపితే కొవ్వు పైకి తేలింది. మూడు చెంచాల కొవ్వు గిన్నెలో వేసి మూడు చెంచాల మైదా వేయించాను, పచ్చి వాసన పోయి గింజలు వేగిన వాసన వచ్చేదాకా. నిన్నటి స్టాక్ 400 మిల్లీలీటర్లు వేడి చేసి కొద్దికొద్దిగా పోస్తూ కలిపాను. ట్రేకి అంటుకున్న ముదురు రంగు పదార్థం ఉందే, దాంట్లోనే అసలు రుచంతా ఉంది, కొంచెం వేడి స్టాక్ పోసి చెక్క గరిటెతో గీకి అదీ కలిపేశాను. చివర్లో రుచి చూస్తే ఉప్పు అసలు వేయనక్కర్లేకపోయింది. నాలుగు చుక్కల నిమ్మరసం పిండాను.

2:00, కోత

ఎముక మీద ఉండగానే పైనుంచి ముక్కలు కోయలేదు. గట్టు ఎముకకి ఆనించి కత్తి దింపి, ఎముక వంపు వెంట కత్తి కొస గీరుకుంటూ పోతే సగం రొమ్ము మొత్తం ఒకే కండగా చేతికొచ్చింది. ముందే తీసిన ఆ వి ఎముక వల్ల ఎక్కడా ఆగలేదు. కండని పలక మీద పెట్టి పీచుకి అడ్డంగా, చిటికెన వేలంత మందంగా కోశాను. పీచు వెంట కోస్తే ఎంత బాగా ఉడికినా నోట్లో తాళ్లలా తగులుతుంది. అడ్డంగా కోస్తే ప్రతి పీచూ ముక్క మందం కన్నా పొడుగు ఉండదు.

మొదటి ముక్క కోసి వేలితో నొక్కాను. కోసిన ముఖం మీద సన్నటి తేమ మెరుస్తోంది, నొక్కితే రసం చుక్కలు పైకొచ్చి, వేలు తీస్తే మళ్లీ లోపలికి వెళ్లినట్టు తగ్గాయి. పలక మీద మాత్రం మడుగు కట్టలేదు. మొదటిసారి పలక మీద మడుగు, ముక్కలో బెండు. ఎముక పక్కన ఈసారి కూడా లేత గులాబీ రంగు ఉంది, కానీ అక్కడ థర్మామీటర్ 75 చూపించడం నేను కళ్లారా చూశాను. ఎముక లోపలి రంగు పక్క మాంసానికి దిగడం వల్ల ఆ గులాబీ రంగు ఉడికాక కూడా మిగులుతుంది, అది పచ్చిదనం కాదు. ఆ రంగుని చూసి భయపడే మొదటి ముక్కని 25 నిమిషాలు ఎక్కువ కాల్చాను.

చర్మం కత్తి కింద పెళుక్కుమంది. పైన మొత్తం కరకర, పక్కల్లో అడుగు భాగాన రెండు అంగుళాల మేర మాత్రం మెత్తగానే ఉంది, అక్కడికి గాలి ఆడలేదు.

చెల్లి ఒక ముక్క గ్రేవీ లేకుండా తిని, "అక్కా, ఉప్పు మధ్యలో కూడా ఉందే, పైపైన లేదు," అంది. రెండో ముక్క కూడా గ్రేవీ లేకుండానే తీసుకుంది. 38 గంటలు ఆ ఉప్పు చేసిన పని అదే, ఆ మాట విన్నాక చాలా సంతోషమేసింది.

నా నాలుకకి తేలిన తేడా ఒకటుంది. 76 దాకా వెళ్లిన లావుపాటి నడుమ కన్నా 75 దగ్గర ఆగిన ఎముక పక్క ముక్క మెత్తగా ఉంది. ఒక్క డిగ్రీకే అని చెప్పలేను, ఎముక పక్క కావడం కూడా కారణం కావచ్చు, కానీ తోక కొస (అది 80 దాటి ఉంటుంది) పొడిగానే ఉంది, ఉప్పు పట్టించినా సరే. వేడి ఎక్కువైతే ఉప్పు కొంతవరకే ఆదుకుంటుంది.

సోమవారం

నిన్న వడ్డించిన రెండు గంటల్లోపే మిగిలిందంతా ఎముక నుంచి విప్పి, వెడల్పు డబ్బాలో పలచగా పరిచి ఫ్రిజ్‌లో పెట్టాను. మూడు నాలుగు రోజుల్లోపు తినేయాలి. ముక్కల మీద గ్రేవీ పోసి కప్పేశాను, దానికి కారణముంది: వండిన టర్కీని మర్నాడు వేడి చేస్తే ఒక రకం పాత వాసన వస్తుంది, గాలి తగిలి కొవ్వు పాడవడం వల్ల వచ్చేది. గ్రేవీ కింద ఉన్న ముక్కలకి అది రాలేదు. విడిగా డబ్బాలో పెట్టిన రెండు ముక్కలకి కొంచెం వచ్చింది, పక్కపక్కన పెట్టి తిని చూశాను. వేడి చేయడం కూడా మూత పెట్టి సన్న సెగ మీద, ఆ గ్రేవీలోనే, ఆవిరి రావడం మొదలయ్యాక ముక్క నడుమ కూడా బాగా వేడెక్కేదాకా.

రొమ్ము ఎముక గూటిని మూడు ముక్కలు చేసి మళ్లీ స్టాక్ పెట్టాను, నాలుగు గంటలు. రాత్రి ఫ్రిజ్‌లో పెట్టి పొద్దున చూస్తే గిన్నె వంచినా కదలనంత గడ్డకట్టింది, చెంచాతో తీస్తే జెల్లీలా వణికింది.

ఇంకో ముక్క, 2.3 కిలోలు, ఫ్రీజర్‌లో ఉంది. దానికి మార్చేవి: బేకింగ్ పౌడర్ అర చెంచాకి తగ్గించాలి, ఒక చోట నాలుకకి తెలిసింది. పక్కల్లో చర్మానికి గాలి ఆడేలా ట్రేలో కూరగాయల ఎత్తు తగ్గించి జాలీని పైకి లేపాలి. తోక కొసకి ఫాయిల్ మొదటి గంట నుంచే. నడిమధ్య 69 చూపించగానే బయటికి తీసి, ఎముక పక్కన కూడా గుచ్చి చూసి, ఆగాక 74 చేరిందో లేదో రాయాలి, చేరకపోతే మళ్లీ లోపలికే. బుధవారం రాత్రి ఫ్రిజ్ అడుగు అరలోకి దింపుతున్నాను.